మామ చూపించిన దుబాయి

ఉదయం ఏడింటికి హోటల్ గదిలో ప్లాన్ తయారైంది. ముందు పాత బజారు, తరువాత పడవ షికారు, మూడు గంటలకు టవర్. రాత్రి తొమ్మిదిన్నరకు విమానం. రాసింది వనిత. పదో తరగతిలో స్కూల్ ఫస్టు వస్తే దుబాయి టవర్ ఎక్కిస్తానని తండ్రి దశరథం మాట ఇచ్చాడు. ఫస్టు రాదని నమ్మి ఇచ్చిన మాట అది. వచ్చింది.

సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే దశరథం బట్టల మిషన్ల ఎగ్జిబిషన్ కోసం దుబాయి వచ్చాడు. వనితనూ, పధ్నాలుగేళ్ల కొడుకు రాకేశ్‌నూ వెంట తెచ్చాడు. మూడు రోజులు మిషన్ల ముందే గడిచాయి. మిగిలింది ఈ ఒక్క రోజు. టవర్ టికెట్లు మూడు. మూడు గంటలు దాటితే అవి చిత్తు కాగితాలు.

ఎనిమిదిన్నరకు హన్మండ్లు వచ్చాడు. దశరథం భార్య రాజమణికి తమ్ముడు, కోరుట్ల మనిషి. పన్నెండేళ్లుగా దుబాయిలో పని. లీవులో ఇంటికి వచ్చినప్పుడల్లా దుబాయి కబుర్లు చెప్పేవాడు. వినడానికి వాడకట్టంతా వచ్చేది.

వనిత ఫోన్‌లో మ్యాపు తీసింది.

"ఫోన్ లోపల పెట్టు బిడ్డా. మామ ఉండంగ మ్యాపు ఎందుకు?"

"మూడింటికి టవర్ కాడ ఉండాలె మామా. ఆలస్యమైతె రానియ్యరు."

"రెండింటికే ఉంటం."

బస్సెక్కించాడు. డ్రైవర్ చెవిలో హిందీలో ఏదో అడిగాడు. బస్సు ఎత్తయిన భవనాలను వెనక వదిలి ఇసుకలోకి పోయింది. గంటన్నర తరువాత కూరగాయల మార్కెట్ ముందు దిగారు.

"టవర్ ఏది?" అన్నాడు రాకేశ్.

"ముందుగాల గిది చూడాలె. దుబాయి తినేదంత ఈడికెల్లే పోతది."

పిల్లలు ఉల్లిగడ్డలు చూశారు. టమాటాలు చూశారు. మళ్లీ ఉల్లిగడ్డలు చూశారు.

"ఉల్లిగడ్డలు సిరిసిల్ల మార్కెట్ల గూడ ఉన్నయి గదా మామా," అంది వనిత.

"గవి వేరే. గివి దుబాయి ఉల్లిగడ్డలు."

రాకేశ్ బస్తా తిప్పి చదివాడు. "నాసిక్ అని ఉన్నది."

"మామతోని వాదించకు," అన్నాడు దశరథం. బావమరిది మాట కొట్టేస్తే ఇంట్లో ఎన్ని రోజులు అన్నం చల్లారిపోయి వస్తుందో అతనికి తెలుసు.

పన్నెండు దాటింది. మార్కెట్ వెనక తెల్లటి పెద్ద భవనం ఉంది. హన్మండ్లు దాని గేటు ముందు ఆగి చెయ్యి చూపించాడు.

"షేక్ పాత బంగ్లా. లోపలికి పోనియ్యరు. బయటికెల్లే చూడాలె."

"కిటికీలు లేవేంది?" అంది వనిత.

"షేకులకు ఎండ పడది."

"గిన్ని లారీలు ఎందుకు?" అన్నాడు రాకేశ్.

"సామాన్లు ఎక్కువ."

గేటు ముందు నిలబడి ఫోటో దిగారు. వనిత దాన్ని చుట్టాల గ్రూపులో పెట్టి, కింద షేక్ బంగ్లా అని రాసింది. ఐదు నిమిషాల్లో కోరుట్ల నుంచి లత అనే చుట్టం వాయిస్ మెసేజ్ పెట్టింది. వనిత అందరూ వినేలా వేసింది.

"గది బంగ్లా గాదే పిల్లా, కోల్డ్ స్టోరేజి. మా ఆయన ఆడనే చేస్తడు. హన్మండ్లన్న చేసేది గూడ ఆడనే గదా. ఛుట్టీ పెట్టి మల్ల గాడికే వోయిండా?"

హన్మండ్లు తన బూట్లు చూసుకున్నాడు.

"టవర్ ఏడున్నది?" అన్నాడు దశరథం.

"ఎరుక లేదు బావా."

"పన్నెండేండ్లు ఏం చేసినవు?"

"క్యాంపు, గోడౌన్. గోడౌన్, క్యాంపు. కంపెనీ బస్సు ఎక్కుడు, దిగుడు. ఛుట్టీ నాడు బట్టలు పిండుకునుడు."

"మరి టవర్ ఎక్కిన, పడవల తిరిగిన అని చెప్తివి?"

"అందరు అడుగుతరు బావా. ఏం చూడలే అంటె, మరి ఆడ ఎందుకున్నవురా అంటరు."

దశరథం కరగలేదు. "మగ్గం మీద నాడె గూడ గట్లనే అటు ఇటు తిరుగుతది. అది బట్టన్న నేస్తది."

వనిత ఫోన్ బయటికి తీసింది. "ఎవ్వలు మాట్లాడకుండ్రి. నా ఎనుక రాండ్రి."

బజారు పోయింది. పడవ పోయింది. మధ్యాహ్నం తిండి పోయింది. ఎండలో ముప్పావుగంట నిలబడితే ఒక బస్సు దొరికింది. మెట్రో స్టేషన్‌లో కదిలే మెట్ల ముందు హన్మండ్లు ఆగిపోయాడు.

"ముందుగాల కుడికాలు పెట్టు మామా," అని రాకేశ్ చెయ్యి పట్టి ఎక్కించాడు.

టవర్ దగ్గరికి చేరేసరికి మూడుకు పది నిమిషాలు. మనుషులు నలుగురు, టికెట్లు మూడు. ఆ పూటకు కొత్తవి లేవన్నారు.

"మీరు వోయిరాండ్రి. నేను ఈడ కూసుంట," అన్నాడు హన్మండ్లు.

దశరథం మెడ ఎత్తి టవర్ చివర కోసం వెతికాడు. తన టికెట్ తీసి బావమరిది చేతిలో పెట్టాడు.

"నువ్వు పో."

"నేనెందుకు బావా?"

"లీవుల అచ్చి మల్ల ఎక్కిన అని చెప్తవు. నేను పక్కన కూసోని తలకాయ ఊపాలె. నాతోని గాదు. అబద్ధం నా నోట్లకెల్లి రాదు. ఎక్కు, పీడ పోతది."

పిల్లలు మామను చెరో చెయ్యి పట్టి తీసుకుపోయారు. దశరథం గంటన్నర బెంచీ మీద కూర్చున్నాడు. హన్మండ్లు మొఖం పాలిపోయి దిగి వచ్చాడు.

"ఎట్లున్నది?"

"దుబాయి శాన పెద్దగున్నది బావా. నాకు ఎరుకనే లేదు."

విమానం అందింది. మర్నాడు సాయంత్రం సిరిసిల్లలో ఇరుగుపొరుగు వచ్చి దశరథం చుట్టూ కూర్చున్నారు. టవర్ ఎట్లున్నదని అడిగారు.

పిల్లలు బయటికి వెళ్లేదాకా ఆగి, మబ్బులు చేతికందాయని చెప్పాడు.