హైస్కూలుకు రెండువందల పన్నెండు అడుగులు

ఇప్పలకుంట జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితశాస్త్రం కనిపించకుండా పోయి అప్పటికి ఎనిమిది రోజులైంది. 1997 జూన్ నెల, మూడో సోమవారం పొద్దున పదిన్నరకు నూటయాభై మంది తల్లిదండ్రులు బడి గేటు ముందు చేరి, లెక్కల సారు వెంకటరామయ్యను తక్షణమే అప్పగించాలని నినాదాలిస్తున్నారు. ప్రధానోపాధ్యాయురాలు అరుణాదేవి గారు ముందుచూపు గల అధికారిణి. ఆఫీసు గదికి లోపలి నుంచి గడియ పెట్టుకుని, కిటికీ గుండా పరిపాలన సాగిస్తున్నారు.

అందరికంటే గట్టిగా అరుస్తున్నవాడు చింతల మొగులయ్య. పటాన్‌చెరు మందుల కంపెనీలో బాయిలర్ దగ్గర పని. ఆవిరి హోరును మించి మాట్లాడటం పన్నెండేళ్లుగా అలవాటైన గొంతు అది.

"మా సారును ఎవడు ఎల్లగొట్టిండో వాని పేరు చెప్పాలె మేడమ్! పదిమందిల చెప్పాలె! వాని ఇంటి ముంగట టెంటేసుకొని కూసుంటం!"

జనం చప్పట్లు కొట్టారు. మొగులయ్య ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

అతని ఆవేశం ఊరికే పుట్టింది కాదు. కూతురు అనసూయ ఈ ఏడు పదో తరగతి. పిల్ల చురుకైనదే. కానీ అతని సొంతూరు, హత్నూర మండలం తాళ్లగూడెం బడిలో, లెక్కల మాస్టారు రిజిస్టర్లో ఉండేవాడు తప్ప తరగతిలో ఉండేవాడు కాదు. ఆయన బదులు డ్రిల్లు మాస్టారు లెక్కలు చెప్పేవారు. ఒక ఈల వేస్తే కూడిక, రెండు ఈలలకు తీసివేత. గుణకారం వచ్చేసరికి ఆయనకు ఊపిరి చాలేది కాదు. పది తప్పిన ఆడపిల్లలకు కంపెనీ ప్యాకింగ్ సెక్షన్లో స్టూలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. అటువంటి స్టూలు మీద తొమ్మిదేళ్లుగా కూర్చుని మాత్రలు డబ్బాల్లో పోస్తున్న రాధమ్మ ఒకరోజు మొగుడితో తేల్చి చెప్పింది.

"నా పక్కన ఇంకో స్టూలుంది. నా బిడ్డ దాని మీద కూసుంటే ఆ దినం నుంచి నీకు బువ్వ పెట్ట. జెర సోంచాయించుకో."

మొగులయ్య అన్నం విలువ తెలిసిన మనిషి. మంచి సర్కారు బడి పక్కన ఇంటి కోసం వెతకడం మొదలుపెట్టాడు.

ఆ రోజుల్లో అలాంటి బడి ఇప్పలకుంటలోనే ఉండేది. రెండేళ్ల కిందట అక్కడ పది రాసిన నలభై ఒక్క మందీ పాసయ్యారు. కాపీ కొట్టకుండా పాసయ్యారని తెలిసి విద్యాశాఖ మొదట అనుమానించి, తర్వాత అభినందించింది. అంతవరకు ఆ ఊళ్లో భూమిని ఎకరాల్లో అమ్మేవారు. ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి గజాల్లో అమ్మసాగారు. ఎరువులూ విత్తనాలూ అమ్ముకునే బద్రీనాథ్ సేటు, పరీక్షా ఫలితం కంటే తొందరగా చేతికొచ్చే పంట లేదని గ్రహించి ప్లాట్ల వ్యాపారంలో దిగాడు. బడి గంట వినిపించే ప్లాటుకు ఒక రేటు, వినిపించని ప్లాటుకు ఇంకో రేటు పెట్టాడు. వినిపించనివి అమ్ముడుపోక నిలిచిపోతే, పిల్లల చదువు మీది మమకారంతో బడికి పెద్ద గంట ఒకటి విరాళమిచ్చాడు. సర్పంచు ఐలన్న శాలువా కప్పి సన్మానించాడు. సన్మానం ముగిసేలోగా రేట్లు సవరించబడ్డాయి.

తాళ్లగూడెంలో రెండెకరాలు అమ్మి మొగులయ్య కొన్నది కొత్త ప్లాటు కాదు. అది అతనికి అందదు. ఊరి నడుమ సేటు బేరం కుదిర్చిన రెండు గదుల పాత ఇల్లు. లోపలికి పోయి చూడలేదు. ఇంటి గడప నుంచి బడి గేటు దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. రెండువందల పన్నెండు. తృప్తిపడ్డాడు. కప్పు కురుస్తుందా, బోరులో నీళ్లున్నాయా అన్న చిల్లర ప్రశ్నలతో చదువుల తల్లిని అవమానించలేదు.

"లోపల కిరాయికి ఎవరో ఉన్నట్టున్నరు సేట్?"

"ఎవరో గవర్నమెంటు మనిషి. నువ్వు పరేషాన్ గాకు. గీ కాయితం మీద దస్కత్ పెట్టు. పదిహేను దినాలల్ల ఖాళీ చేపిస్త."

కంపెనీలో షిఫ్టు రిజిస్టరును ఏనాడూ చదివి సంతకం పెట్టని మొగులయ్య, ఇక్కడా ఆ క్రమశిక్షణ తప్పలేదు.

మే నెలలో తాళం చేతికొచ్చింది. ముందుగది గోడ ఒకటి కింది నుంచి పైదాకా నల్లరంగు పూసి ఉంది. దాని నిండా సుద్దముక్కతో త్రిభుజాలు, వృత్తాలు, అర్థంకాని అక్షరాలు. "ఎవడో చేతబడి చేసెటోడు ఉండిపోయిండు" అని మొగులయ్య హడలిపోయి, ఆ రోజే సున్నం కొట్టించి, గుమ్మానికి నిమ్మకాయలు కట్టించాడు. భార్యాబిడ్డలు జూన్‌లో దిగేసరికి గోడ తెల్లగా, నిర్మలంగా, అజ్ఞానంగా మెరుస్తోంది.

బడి తెరిచారు. లెక్కల సారు లేడు.

"చెప్పండి మేడమ్! ఎవడు వాడు?" మొగులయ్య గేటు ఊపుతూ మళ్లీ అరిచాడు.

అరుణాదేవి గారు కిటికీలోంచి ఒక కాగితం బయటపెట్టారు. "వెంకటరామయ్య గారిని ఎవరూ వెళ్లగొట్టలేదయ్యా. తానే కోరి పరస్పర బదిలీ చేయించుకున్నారు. ఆయన తాళ్లగూడెం వెళ్లారు. అక్కడి లెక్కల సారును మనకు కేటాయించారు."

"గాయన ఏడి మరి?"

"వచ్చారు. మూడు రోజులు ఊరంతా ఇల్లు వెతుక్కున్నారు. ఇక్కడి కిరాయిలు విన్నాక ఛాతీలో నొప్పి వచ్చి మెడికల్ లీవు పెట్టారు."

జనం నివ్వెరపోయారు. తన సొంతూరి పేరు విన్న మొగులయ్య ఊపుతున్న గేటు వదిలేశాడు. తేరుకుని అన్నాడు: "బండ్లు తియ్యిండ్రి. సారును తోలుకొని వద్దాం. ఎవడు ఇబ్బంది పెట్టిండో సారు నోటినుంచే విందాం."

ఆ మధ్యాహ్నమే రెండు జీపుల్లో ప్రతినిధి వర్గం బయలుదేరింది. నాయకుడు ఐలన్న, తోడు ఊళ్లో ఇళ్లు కిరాయికిచ్చే యాదన్న, గొంతు మొగులయ్య. సారును కదిలించడానికి ఒక విద్యార్థిని కన్నీళ్లు అవసరమని తీర్మానించి అనసూయను కూడా ఎక్కించారు.

ఆ సారు ఏ ఇంట్లో ఉండేవాడో ఇప్పలకుంట పాతకాపులకు తెలియదా అని తెలివైన పాఠకులు అడగవచ్చు. తెలుసు. కానీ ఆ మాట ఎత్తితే వెంటనే ఇంకో మాట వస్తుంది: ఆ ఇల్లు పోయాక ఆయనకు మీరెందుకు ఇవ్వలేదు? అందుకని ఊరు ఒక్కటై మౌనం వహించింది. ఇంత ఐకమత్యం ఆ ఊరు చెరువు పూడిక తీసినప్పుడు కూడా చూపలేదు.

తాళ్లగూడెం పొలిమేరలో ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని చేను కొలుస్తున్నారు. గట్టు మీద గొడుగు కింద బద్రీనాథ్ సేటు నిలబడి ఉన్నాడు.

"ఏంది సేట్, ఈడికొచ్చినవ్?" ఐలన్న అడిగాడు.

"ఈ ఊరి బడికి మంచి సారు వచ్చిండని తెల్సింది సర్పంచ్‌సాబ్," అన్నాడు సేటు వినయంగా. "రెండేండ్లల్ల రిజల్టు వస్తది."

జీపులు ఊళ్లోకి వెళ్లి, సారు ఉంటున్న ఇంటి ముందు ఆగాయి. మొగులయ్య కిందికి దిగి కొయ్యబారిపోయాడు. అది అతను తాళం వేసి వచ్చిన అతని ఇల్లే. అతని అన్న అంజయ్య అరుగు మీద సారు పక్కనే కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"రారా తమ్ముడా. సారుకు ఇల్లు దొరుకుతలేదంటే మనదే తాళం తీసిచ్చిన. కిరాయేం వద్దన్న. పిల్లలకు చదువు చెప్పెటాయనను పైసలడుగుతమా?"

ప్రభుత్వ భాషలో పరస్పర బదిలీ అంటే ఇదే.

వెంకటరామయ్య సారు అందరికీ మంచినీళ్లు ఇప్పించి, కోపమేమీ లేకుండా చెప్పాడు. "ఏప్రిల్లో ఇల్లు ఖాళీ చేయమని నోటీసు వచ్చింది. పదిహేను రోజులు తిరిగాను. ఐలన్నగారి గదులు అడిగాను. హైస్కూలు దగ్గర కాబట్టి రెట్టింపు అన్నారు. యాదన్నగారు కంపెనీ ఆఫీసర్లకు తప్ప ఇవ్వనన్నారు. నా బడి పేరు చెప్పి నన్నే అంత అడిగితే ఏం చేయను?"

ఐలన్న జీపు టైరు వైపు చూశాడు. యాదన్న ఆకాశంలో వాన కోసం వెతికాడు.

మొగులయ్య ఒక్కడే ధైర్యంగా ముందుకొచ్చాడు. "వీళ్ల సంగతి ఎన్కకు సూద్దాం సార్. మొదలు నోటీసు పంపిన లంగగాడెవడు?"

"నేనాయన్ని చూడలేదయ్యా. కాగితం ఉంది."

సారు లోపలికి వెళ్లి మడత కాగితం తెచ్చి, దగ్గరగా నిలబడ్డ అనసూయ చేతికిచ్చాడు. మడత విప్పుతుండగా పైన 'బద్రీనాథ్ ఎరువులు, విత్తనములు, ప్లాట్లు' అన్న ఎర్రక్షరాలు మొగులయ్య కంటపడ్డాయి. వాటి కిందనే నీలిసిరాతో, ఎంతో పరిచితమైన వంకర సంతకం. నల్లగోడా, త్రిభుజాలూ, నిమ్మకాయలూ ఒక్కసారిగా అతని బుర్రలో గిర్రున తిరిగాయి.

"వద్దు బిడ్డా," అన్నాడు. బాయిలర్ హోరును మించే గొంతు పిల్లికూతగా మారింది. "ఇగ ఇంటికి పోదాం. పోయిన ముచ్చట తవ్వుకునుడెందుకు?"

"గట్లెట్ల మొగులన్నా!" ఐలన్నకు ప్రాణం లేచొచ్చింది. "పదిమందిల చెప్పాలె అన్నది నువ్వే గదా. సదువు బిడ్డా, గట్టిగ సదువు!"

యాదన్న కూడా ఆకాశం వదిలి కిందికి దిగి, "సదువు, సదువు" అన్నాడు. ఒక్కడు దొరికితే మిగిలినవాళ్లంతా తల్లిదండ్రులుగా ఇంటికి తిరిగిపోవచ్చు.

పాఠకులకు ఆ పేరు ఎప్పుడో తెలుసు. ఇప్పలకుంటకూ తెలుసు. తెలిసీ ఇంతదాకా హాయిగా కూర్చున్నది ఆ ఊరొక్కటే కాదు.

అనసూయ కాగితాన్ని వెలుతురుకు పట్టుకుంది. చివరి బెంచీకి కూడా వినిపించేంత స్పష్టంగా, ఒక్కో మాటా విడదీసి చదివింది.

"ఇట్లు, ఇంటి యజమాని, చింతల మొగులయ్య."