గొంతు మంట

శనివారం పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా నందిగామ వెళ్ళి, లేడీ డాక్టరుకి చూపించుకుని, భోజనాల వేళకి జగ్గయ్యపేట వచ్చేయాలని వాగ్దేవి అనుకుంది. రెండు రోజులుగా మూత్రానికి వెళ్తే మంట. వెళ్ళొచ్చిన కాసేపటికే మళ్ళీ వెళ్ళాలనిపించడం. పొత్తికడుపులో సన్నగా నొప్పి. ఆమె ముక్త్యాల వైపు ఒక బడిలో టీచరు. అక్కడి మరుగుదొడ్డికి గడియ లేదు. అందుకని పొద్దున బస్సెక్కింది మొదలు సాయంత్రం ఇల్లు చేరేదాకా మంచినీళ్ళు ముట్టదు. జగ్గయ్యపేటలో డాక్టర్లు లేక కాదు, ఉన్నవాళ్ళంతా ఆమె భర్త రామబ్రహ్మానికి స్నేహితులు.

చెప్పులు వేసుకుంటుంటే రామబ్రహ్మం పేపరు మడిచాడు. "సెలవు రోజు పొద్దున్నే ఎక్కడికి?"

"డాక్టరు దగ్గరికండీ. కాస్త మంటగా ఉంది."

"గొంతా?"

పక్కనే అత్తగారు ప్రసూనాంబ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఆవిడ ముందు ఆ మాట ఎలా చెప్పడం?

"ఆ" అనేసింది వాగ్దేవి.

రామబ్రహ్మం ఉద్యోగం ఇరిగేషన్ ఆఫీసులోనే అయినా, వైద్యం మీద ఆయనకున్నంత ధీమా డాక్టర్లకి కూడా ఉండదు. లేచి వంటింట్లోకి వెళ్ళి లోటా నిండా మిరియాల కషాయం కాచి తెచ్చాడు. చన్నీళ్ళు ముట్టొద్దన్నాడు. అత్తగారు పసుపు వేసిన మరుగునీళ్ళ గిన్నె ముందు కోడల్ని కూర్చోబెట్టి దుప్పటి కప్పింది. దుప్పటి కిందికే రామబ్రహ్మం చెయ్యి ఒకటి వచ్చింది. అందులో, పోయిన చలికాలం తన దగ్గుకి వాడగా మిగిలిన యాంటీబయాటిక్ మాత్ర. వాగ్దేవి దాన్ని మింగినట్టు నటించి హ్యాండ్‌బ్యాగులో పడేసింది. చెమటలు కారుతున్నా, ఒక్క "ఆ" ఇంకా ఎంత దూరం పోతుందో చూడాలని ఆమెకి కుతూహలం కూడా పుట్టింది.

అది నందిగామ దాకా వచ్చింది. "గొంతు మంట ఉన్నవాళ్ళు మాట్లాడకూడదు. డాక్టరుకి నేను చెప్తా" అని రామబ్రహ్మం చొక్కా వేసుకున్నాడు. "నేనూ వస్తానురా" అని ప్రసూనాంబ చిక్కుడుకాయలు పక్కన పెట్టేసింది.

బస్సు చిల్లకల్లు దాటేసరికి వాగ్దేవికి ఆగడం కష్టమైంది. ముఖం చిట్లించి పొట్ట పట్టుకుంది.

"చూశావామ్మా, మిరియాలు గుణం చూపిస్తున్నాయి" అన్నాడు రామబ్రహ్మం సంతోషంగా.

డాక్టర్ పరిమళ ఆయన చెప్పిందంతా ఓపిగ్గా విని, వాగ్దేవి నోరు తెరిపించి టార్చి వేసి చూసింది. "గొంతు బాగానే ఉందే!" అని వాగ్దేవి ముఖంలోకి ఒకసారి చూసి, "మీరు కాస్త బయట కూర్చోండి సార్" అంది.

తలుపు మూసుకోగానే వాగ్దేవి అంతా చెప్పేసింది.

"నీళ్ళు తాగక, వచ్చింది ఆపుకుంటే ఇన్‌ఫెక్షన్ రాదా అమ్మా? జ్వరం, చలి, నడుం పక్కన నొప్పి ఏమన్నా ఉన్నాయా?"

"లేవండి."

"ఉంటే కిడ్నీ దాకా పాకిందేమోనని చూడాల్సొచ్చేది. తొందరగా వచ్చి మంచి పని చేశారు." వాగ్దేవి హ్యాండ్‌బ్యాగులోంచి తీసిచ్చిన మాత్ర చూసి డాక్టరు నవ్వింది. "ఇది మింగి ఉంటే టెస్టులో ఏదీ సరిగ్గా తేలేది కాదు. ముందు టెస్టు, తర్వాత మందు. తగ్గింది కదా అని మాత్రలు మధ్యలో ఆపేయకండి."

వాగ్దేవి చిన్న సీసాతో బయటికి వచ్చింది. రామబ్రహ్మం సీసా వంకా, దాని మీద అంటించిన చీటీ వంకా చూశాడు.

"గొంతు మంటకి మూత్రం పరీక్షా!" హాలంతా అదిరింది. "ఇదేం అన్యాయమండీ! గొంతెక్కడ, మూత్రమెక్కడ! జగ్గయ్యపేట నుంచి వచ్చామని అమాయకులనుకున్నారా?"

రిసెప్షన్ అమ్మాయి సర్దిచెప్పబోయింది. ఆయన ఇంకా గొంతు పెంచాడు. అందరూ వాగ్దేవి వైపే చూస్తున్నారు. కానీ ఈయన ఇంకొంచెం అరిస్తే డాక్టరు తమని పంపించేస్తుంది, మంట మాత్రం తనతోనే ఇంటికి వస్తుంది.

"ఏమండీ, మంట గొంతులో కాదు. మూత్రంలో" అంది గట్టిగా.

ఇక ఇక్కడే భూమిలోకి కుంగిపోవాలి అనుకుంటుండగా, మూల కుర్చీలోంచి చందర్లపాడు ఆవిడెవరో, "నాకూ అదేనమ్మాయ్. మా ఆయనతో నడుం నొప్పని చెప్పి వచ్చా" అంది.

"నేను దగ్గని చెప్పానండి" అంది ఆవిడ పక్కనున్న అమ్మాయి.

ఎవరు ముందు నవ్వారో తెలియదు. నవ్వులు ఆగాక ప్రసూనాంబ మెల్లగా లేచి కోడలి పక్కకి వచ్చింది. "నాకూ ఒక సీసా ఇప్పించవే వాగ్దేవీ. చాలా రోజులై నాకూ ఇంతే. వీడికి చెప్తే కషాయం పోస్తాడని నోరు మూసుకున్నా."

"అయ్యో, నాతోనైనా అనొచ్చు కదా అత్తయ్యా!"

"నువ్వు నాతో అన్నావా?"

రామబ్రహ్మం ఏదో అనబోయాడు. గాలి తప్ప మాట రాలేదు. అరుపులకి బయటికి వచ్చిన డాక్టరు ఆయన నోరు తెరిపించి టార్చి వేసింది.

"బాగా ఎర్రబడిందండీ. అరిచారు కదా."

"యాంటీ..." అన్నాడు ఆయన బొంగురుగా.

"యాంటీబయాటిక్ అక్కర్లేదు. గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించి, రెండ్రోజులు మాట్లాడకుండా ఉండండి."

పొద్దున్నించీ వైద్యం జరుగుతున్న గొంతు మంట, మధ్యాహ్నానికి నిజంగానే వచ్చింది.