ప్రయాణానికి రిహార్సలు

టైలరమ్మ ఆ సంచి సర్దడం అది నాలుగోసారి. మంగళవారం పొద్దున ఒకసారి సర్దితే, బరువు తూచాలని మొగుడు విప్పించాడు. మధ్యాహ్నం మళ్లీ సర్దితే, మందుల డబ్బా అడుగున కాదు, పక్క జేబులో ఉండాలని విప్పించాడు. సాయంత్రం ఎందుకు విప్పించాడో ఆయనకే గుర్తులేదు. బుధవారం ఉదయం ఏడు గంటలకు, ముందుగదిలో కుట్టుమిషను పక్కన నేలమీద కూర్చుని, పళ్లు కొరుక్కుంటూ ఆమె ఉన్ని శాలువా మడత పెడుతుంటే, ఆయన మూడు ఇటుకలు మోసుకొచ్చి ఆమె ముందు పెట్టాడు.

"ఇవెందుకు?"

"నీ సంచిలోకి. బట్టలు తీసెయ్. ఈ మూడు ఇటుకలూ, పైన నాలుగు పాత పేపర్లూ పెడితే సరిగ్గా నీ సంచి బరువు. నిన్న తూచాను."

"నా బట్టలేం పాపం చేశాయి?"

"రేపు కదే అసలు ప్రయాణం. ఇవాళ రిహార్సలు. రిహార్సలుకి మంచి బట్టలు నలగ్గొట్టుకుంటామా?"

ఆమె ఆయన వంకా, ఇటుకల వంకా చూసింది. రెంటిలో ఏది ఎక్కువ గట్టిదో తేల్చుకోలేకపోయింది.

"ఇటుకలు మోయడానికి నేను తాపీమేస్త్రీని కాను. మీ సంచిలో పెట్టుకోండి. నా సంచి జోలికొస్తే కత్తెర మీ బొమ్మ రైలు మీద పడుతుంది," అంది.

ఆయన ఇటుకలు తన సంచిలోనే పెట్టుకున్నాడు.

వీధిలో అందరూ ఆయన్ని టైంటేబుల్ గారు అంటారు. రైల్వే ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు రైళ్ల వేళలు రాసే పని చేశాడు. దేశంలో ఏ రైలు ఏ స్టేషన్లో ఎన్ని నిమిషాలు ఆగుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. కానీ తను రైలెక్కింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రిటైరయ్యాక నడిమిగదిలో పెద్ద బల్ల వేసి, దాని మీద అగ్గిపుల్లలతో స్టేషనూ, అట్టతో కొండా, కొండలో సొరంగమూ కట్టి, జానెడు రైలు తిప్పడం మొదలెట్టాడు. పట్టాలు బల్ల దాటి, వంటింటి గుమ్మానికి అడ్డంగా ఒక వంతెనై, అవతలి కిటికీ దాకా పోయాయి. టైలరమ్మ పదకొండేళ్లుగా టీ పెట్టుకోవాలంటే ఆ వంతెన కింద వంగి వెళుతోంది. వంగిన ప్రతిసారీ ఏదో ఒకటి అంటూనే ఉంది. ఆయన వినేది రైలు చప్పుడే.

ఈ బొమ్మ రైలుకి ఒక ఎగ్జిబిషన్ నుంచి పిలుపొచ్చింది. దేశం ఆ చివర, రెండు రాత్రుల దూరం, రెండుచోట్ల రైలు మారాలి. దేశమంతటి నుంచీ ఇలాంటి బొమ్మ రైళ్ల పిచ్చివాళ్లు వస్తారట. ఉత్తరం చూసి ఆయన మురిసిపోయాడు. టైలరమ్మ ఉత్తరం చదవలేదు, దాని మీద ఊరి పేరు చదివింది. ఆ ఊళ్లోనే ఆమె అక్క ఉంటుంది.

అక్కని చూసి పంతొమ్మిదేళ్లయింది. చూడనియ్యని శత్రువులెవరూ లేరు, ఈయన ప్లానులే. ఐదుసార్లు బయల్దేరదామన్నాడు, ఐదుసార్లూ కాగితాల మీద ప్రయాణం గీశాడు, ఐదుసార్లూ మధ్యలో ఒక రైలుకీ ఇంకో రైలుకీ వ్యవధి చాలదని కొట్టేశాడు. పోనీ ఒక్కదాన్నే వెళతానంటే, రెండు రైళ్లు మారడం నీ వల్ల కాదు, తప్పిపోతావన్నాడు. ఆమె అరవై దాటిన మనిషి. సగం ఊరి నడుం కొలతలు నోటికి చెబుతుంది. తప్పిపోవడానికి తీరిక ఎప్పుడు దొరికింది కనుక?

కిందటి నెలలో అక్క ఫోన్ చేసింది. "చూపు బాగా మసకబారిందే. ఆపరేషను చేసినా లాభం లేదన్నారు. నీ మొహం ఆనవాలు పట్టగలిగినప్పుడే ఒకసారి రావే," అంది. అప్పట్నించీ టైలరమ్మకి గుండెల మీద కుంపటి పెట్టినట్టే ఉంది. మనుషులు పోయేటప్పుడు చెప్పి పోరు, చెప్పినవాళ్లకి జవాబివ్వకపోతే ఆ పాపం మనదే అని ఆమె నమ్మకం. అందుకే ఈ ఆరోసారి ప్లాను తప్పకూడదని, ఇటుకలు కాదు, బండరాళ్లు తెచ్చినా భరిద్దామనుకుంది. భరించడం వేరు, ఒళ్లు మండకుండా ఉండడం వేరు.

ప్లాను తొమ్మిది పేజీలు. అందులో ఆరో పేజీ మొత్తం రిహార్సలు. ముందురోజు అదే వేళకి, అదే టాక్సీలో, అదే బరువుతో స్టేషనుకి వెళ్లి, పెట్టెలో ఎక్కి, సామాను సీటు కింద పట్టిందో లేదో చూసి, దిగి, ఇంటికి రావాలి. ప్రతిదానికీ గడియారం. రిహార్సలంటే అన్నీ నిజంలాగే జరగాలని ఆయన పట్టుదల. కాబట్టి పాలు మానిపించాడు. పేపరు ఆపించాడు. మెయిన్ దగ్గర కరెంటు తీసేశాడు. నీళ్ల వాల్వు బిగించాడు.

"మరి నేను టీ ఎలా తాగను?"

"రేపు తాగుతామా? తాగం కదా. ఇవాళా అంతే."

"రేపు తాగకుండా వెళతామని నాకెవరు చెప్పారు?"

"నాలుగో పేజీ."

చివరికి వీధి తలుపు తాళం వేసి, దాని మీద ఒక కాగితం అంటించాడు. మేము ఊళ్లో లేము, ఫలానా రైలు, ఫలానా ప్లాట్‌ఫారం అని అచ్చు అక్షరాల్లాంటి రాతతో రాశాడు. ఆమె ఫోను తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అది జాబితాలో ముప్పై ఒకటో వస్తువట.

టాక్సీ వచ్చింది. సంచులూ, బొమ్మ రైలుకి బదులు ఇసక నింపిన అట్టపెట్టే చూసి డ్రైవరు వెనకతలుపు తీశాడు.

"ఊరెళుతున్నారా సార్?"

"రేపు వెళుతున్నాం."

"మరి ఇవాళ?"

"ఇవాళ స్టేషనుకి వెళ్లి వస్తాం. నువ్వు అక్కడే ఉండి మళ్లీ తీసుకురావాలి. రేపు ఇదే వేళకి మళ్లీ రావాలి."

డ్రైవరు అద్దంలో టైలరమ్మ వైపు చూశాడు. "అమ్మా, సార్‌కి వంట్లో బాగానే ఉందా?"

"వంట్లో బాగానే ఉంది నాయనా. పోనియ్," అంది. దారిపొడుగునా ప్రతి కూడలి దగ్గరా ఆయన నిమిషాలు రాసుకుంటుంటే, ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ లోపల్లోపలే రగిలిపోయింది.

ఇక్కడ వీధిలో ఇంకో కథ మొదలైంది. పక్క వాటాలో ఉండే నర్సు రాత్రి డ్యూటీ దిగి ఇంటికొచ్చి, తలుపు మీద కాగితం చూసింది. ప్రయాణం గురువారమని వీధందరికీ తెలుసు, ప్లాను మొదటి పేజీ తలా ఒక కాపీ పంచాడాయన. మరి బుధవారమే ఎందుకు వెళ్లినట్టు? పాలు మానేశారు, మీటరు తిరగడం లేదు, కుళాయి పొడిగా ఉంది. ఒకరోజు ముందుగా, ఎవరికీ చెప్పకుండా మనుషులు ఎందుకు పరుగెడతారో ఆసుపత్రిలో రోజూ చూసే మనిషికి వేరే చెప్పక్కర్లేదు. టైలరమ్మకి ఫోన్ చేసింది. టైంటేబుల్ గారి చొక్కా జేబులో అది మోగింది. నిమిషాలు లెక్కపెట్టుకునేటప్పుడు ఫోన్లేమిటని ఆయన కట్ చేశాడు. మళ్లీ చేస్తే మళ్లీ కట్ చేశాడు. నర్సుకి ఇక అనుమానం లేదు. యూనిఫారం మార్చుకోకుండానే స్కూటరు తీసింది.

ఆ రైలు ఆ స్టేషన్లో పది నలభైకి వచ్చి పది యాభై రెండుకి కదలాలి. ఆ రోజు పది యాభై అయిదుకి వచ్చింది. "పావుగంట ఆలస్యం," అని ఆయన రాసుకున్నాడు. "ఫరవాలేదు. ఎప్పుడొచ్చినా పన్నెండు నిమిషాలు ఆగుతుంది. పదకొండూ ఏడుకి కదులుతుంది. ఎక్కు."

ఆమె తన సంచి తనే పట్టుకుని ఎక్కింది. ఆయన ఇటుకల సంచీ, ఇసక పెట్టే పక్కన పెట్టుకుని, గడియారం చేత్తో పట్టుకుని కిటికీ ముందు ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు. వాళ్ల సీట్లో ఎవరో పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు.

"కొంచెం జరగండి అన్నయ్యగారూ, ఇది మా సీటు," అంది.

ఆయన తన టికెట్టు చూసుకున్నాడు. "నాదేనమ్మా ఇది."

"ఇవాళ మీదే. రేపు మాది. సంచి పడుతుందో లేదో చూసి వెళ్లిపోతాను."

ఆ పెద్దమనిషి కిటికీ వదిలి అవతలి మూలకి జరిగాడు. సంచి సీటు కిందికి తోసి, కూర్చోవాలన్నది కూడా ప్లానులో ఉంది కాబట్టి ఆమె కూర్చుంది. సరిగ్గా అప్పుడు నర్సు పరుగెత్తుకుంటూ వచ్చి, కిటికీ ఊచల మధ్యనుంచి ఆమె రెండు చేతులూ పట్టేసుకుంది.

"పిన్నిగారూ, ఎంత పనైంది. మీ అక్కయ్యగారు పోయారని నాకొక్క మాట చెప్పకూడదా?"

టైలరమ్మ చేతులు విడిపించుకుంది. మొగుడి మొహం వైపు చూసింది. ఆయన కాదనలేదు, అవుననలేదు. "అమ్మాయ్, తర్వాత మాట్లాడుకోండి, సామాను పెట్టడానికి ఎంతసేపు పట్టిందో రాసుకోవాలి," అన్నాడు.

ఆ మాటతో తనకి అంతా అర్థమైపోయిందనుకుంది ఆమె. ఇటుకలూ నాటకమే, రిహార్సలూ నాటకమే. అక్క పోయిందని ఈయనకి పొద్దున్నే కబురొచ్చింది. ఫోను అందుకే జేబులో దాచాడు. అందుకే ఒకరోజు ముందు స్టేషనుకి తీసుకొచ్చాడు.

"ఎప్పుడు పోయింది?" అంది.

"ఎవరు?" అన్నాడాయన, గడియారం మీంచి కళ్లు తీయకుండా.

"మా అక్క. నాకు చెప్పకుండా తీసుకెళుతున్నారా? చచ్చిపోయినదాన్ని చూడ్డానికి కూడా నాకు నాటకం ఆడి చూపించాలా?"

"మీ అక్క పోవడమేమిటి? ఏ పేజీలో ఉంది?"

ఆమె నర్సు వైపు తిరిగింది. "నీకెవరు చెప్పారమ్మా?"

నర్సు తడబడింది. "ఎవరూ చెప్పలేదు పిన్నిగారూ. పాలు ఆపేశారు, కరెంటు తీసేశారు, ఫోను చేస్తే బాబాయిగారు కట్ చేస్తున్నారు. నేనింకేమనుకోను?"

"ఫోనివ్వండి," అంది టైలరమ్మ మొగుడితో.

"అది ఇంట్లోకి వెళ్లాకే బయటికి తీయాలి. లేకపోతే జాబితా..."

"ఫోనివ్వండి."

నలభై ఏళ్ల కాపురంలో ఆ గొంతు ఆయన ఎప్పుడూ వినలేదు. కిటికీలోంచి ఇచ్చేశాడు. అవతల ఫోను మోగుతూనే ఉంది. ఒకటి, రెండు, మూడు. చూపు సరిగా ఆనని మనిషి తడుముకుంటూ రావాలి కదా అని ఒక మనసు చెబుతోంది, వచ్చే మనిషే లేదేమో అని ఇంకో మనసు చెబుతోంది. ఏడోసారి మోగుతుండగా ఎత్తారు.

"ఎవరూ? నువ్వేనా? ఏమే, బయల్దేరావా?" అంది అక్క.

టైలరమ్మ ఫోను చెవికి గట్టిగా అదుముకుంది. ప్లాట్‌ఫారం మీద మొగుడు గడియారం ఆమె కళ్ల ముందుకి ఎత్తి చూపిస్తున్నాడు. "రెండు నిమిషాలు దండగైంది. ఇంకా ఏడు నిమిషాలుంది. దిగు, దిగడానికి ఎంతసేపు పడుతుందో చూడాలి."

అప్పుడే రైలు కదిలింది. ఆలస్యంగా వచ్చిన రైలు ఆగాల్సినంతసేపు ఆగదని కూలీలకి తెలుసు, ప్లాట్‌ఫారం మీద టీ అమ్మేవాడికి తెలుసు. కాగితం మీద పన్నెండు నిమిషాలని రాసిన మనిషికి మాత్రం తెలియదు.

"పిన్నిగారూ, కదిలింది, దిగండి," అని నర్సు అరిచింది.

"కదలదు. ఇంకా టైముంది," అని టైంటేబుల్ గారు ఆమెని కసిరాడు. కదులుతున్న రైలు పక్కన నాలుగడుగులు నడుస్తూ కూడా, "ఇది లెక్క ప్రకారం ఆగి ఉంది. ఆ పన్నెండు నేను వేసిన అంకె," అన్నాడు.

దిగవచ్చు. తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది, రైలు ఇంకా మనిషి నడక నడుస్తోంది. టైలరమ్మ లేచి నిలబడింది కూడా. ఫోనులో అక్క, "ఏమే, వినపడుతోందా? బయల్దేరావా అంటే?" అని మళ్లీ అడిగింది.

టైలరమ్మ కూర్చుంది.

"బయల్దేరానక్కా," అంది. తర్వాత కిటికీ దగ్గరికి వంగి, "మీ టికెట్టు రేపటిది కదా. మీరు రేపు రండి," అని మొగుడికి చెప్పింది. ఆ మాట ఆమె కోపంగా అనలేదని నర్సు తర్వాత వీధిలో అందరికీ చెప్పింది. కోపంగా అని ఉంటే బాగుండేదని కూడా చెప్పింది.

టికెట్లు తనిఖీ చేసేవాడు వచ్చి, "టికెట్టేదమ్మా?" అన్నాడు.

"ప్లాట్‌ఫారం మీద ఉంది నాయనా, మా ఆయన జేబులో. అదీ రేపటిది," అంది. జరిమానాతో సహా టికెట్టు రాయించుకుంది. మూల కూర్చున్న పెద్దమనిషి కిటికీ సీటు ఆమెకే వదిలేశాడు. రేపటి సీటు కోసం ఇవాళే వచ్చే మనిషితో పేచీ ఎందుకనుకున్నాడు కాబోలు. రెండుచోట్లా రైలు మారింది. ఎవరినీ అడక్కుండానే మారింది. తప్పిపోలేదు.

టైంటేబుల్ గారు గురువారం వెళ్లలేదు. రిహార్సలులో లోపాలు బయటపడ్డాక అసలు ప్రయాణం చేయడం బాధ్యత లేని పనని ఆయన అభిప్రాయం. టాక్సీ డ్రైవరు చెప్పిన వేళకి వచ్చి హారను కొట్టి కొట్టి వెళ్లిపోయాడు. శనివారం అక్కచెల్లెళ్లిద్దరూ చేతులు పట్టుకుని ఆ ఎగ్జిబిషన్‌కి వెళ్లారు. బొమ్మ రైళ్ల మధ్య ఒక బల్ల ఖాళీగా ఉంది, దాని మీద ఆయన పేరు రాసిన అట్ట నిలబెట్టి ఉంది. కాళ్లు లాగుతున్నాయని అక్క ఆయన కుర్చీలో కూర్చుంది. చెల్లెలి మొహం దగ్గరికి మొహం పెట్టి, గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి, చాలాసేపు చూసింది.

"ముసలైపోయావే," అంది.

"పంతొమ్మిదేళ్లయింది, నన్నేం చేయమంటావు," అని టైలరమ్మ విసుక్కుంది.

ఆదివారం మొగుడు ఫోన్ చేశాడు. "నువ్వు తిరిగొచ్చే ప్లాను వేస్తున్నాను. రెండో మార్పు దగ్గర వ్యవధి తొమ్మిది నిమిషాలే. చాలదు. వేరే దారి చూస్తాను, తొందరపడకు."

"నాకేం తొందర లేదు," అంది ఆమె.

ఆ ప్లాను నాలుగేళ్లకి ముప్పై ఏడు పేజీలైంది. అక్క ఇంటి ముందుగదిలో కుట్టుమిషను వచ్చింది, ఆ వీధిలోనూ ఆమెని టైలరమ్మ అనడం మొదలెట్టారు. టైలరమ్మ తిరిగి రాలేదు. ఆమె వెళ్లింది పదిహేడో తేదీ, బుధవారం. ఆయన ప్లానులో ప్రయాణం మాత్రం ఇప్పటికీ గురువారమే.