మగ్గం కక్కిన డిజైన్

"ఈ సూరత్‌ల నా కంటిని తప్పించుకునే నేరస్థుడు ఇంకా పుట్టలే" అని ఉధ్నా పేటలోని చీరల కార్ఖానా నడిమధ్యలో నిలబడి ప్రకటించాడు బ్రహ్మచారి. పేరుకే బ్రహ్మచారి, ముగ్గురు పిల్లల తండ్రి. మరమగ్గాల మెకానిక్కు. డిటెక్టివ్ ఉద్యోగం మాత్రం తనకు తానే ఇచ్చుకున్నాడు.

ప్రమీలకు ఏడుపొస్తోంది. కంప్యూటర్ మీద చీరల డిజైన్లు గీసే పని ఆమెది. మూడు రోజులుగా ఆమె పెన్‌డ్రైవ్ పెట్టగానే మగ్గానికున్న కంప్యూటర్ తెర నిండా ఎర్ర అక్షరాలు పోసి ఆగిపోతోంది. ఆ జబ్బుకు కార్ఖానాలో చాలా పేర్లున్నాయి. ఫైలు సగంలో ఆగితే డోకు, మొత్తం తీసుకుని తిప్పికొడితే కక్కుడు, ఏ సంగతీ అర్థం కాకపోతే ఉల్టీ, అంటే హిందీ వాంతి. ఇది ఉల్టీ. సాయంత్రంలోగా చీర మొదలవకపోతే వేరే డిజైనర్‌ను పెట్టుకుంటానని కార్ఖానా యజమాని సేఠ్ చెప్పి వెళ్లాడు.

"ఇది విషప్రయోగం చెల్లె" అన్నాడు బ్రహ్మచారి గొంతు తగ్గించి.

"కంప్యూటర్‌కు విషమేందన్నా?"

"కక్కిందంటే తిండిల ఏదో కలిసినట్టే."

దర్యాప్తు మొదలైంది. మగ్గం నడిపే సోమలింగాన్ని పొద్దున ఏం తిన్నావని అడిగాడు. జొన్నరొట్టె అన్నాడాయన. రొట్టెకూ ఫైలుకూ సంబంధం తేలేదాకా ఊరు దాటొద్దని ఆదేశమిచ్చాడు. పాపం, ఆయన టీకి పోవడానికి కూడా అనుమతి అడిగాడు. ఇంతలో ఐదైంది.

"అన్నా, నా పని పోతది. జర వదిలిపెట్టు" అంది ప్రమీల.

బ్రహ్మచారి వదల్లేదు. వేలిముద్రలు స్పష్టంగా కనబడాలని పెన్‌డ్రైవ్‌ను తువ్వాలుతో, తర్వాత పుల్లకు చుట్టిన గుడ్డతో లోపలిదాకా గట్టిగా తుడిచాడు. వేలిముద్రలన్నీ పోయాయి. తువ్వాలుకు ఎర్రమరక అంటింది. అది నెత్తురేనని తేల్చాడు.

ప్రమీల పెన్‌డ్రైవ్ గుంజుకుని మగ్గానికి పెట్టింది. మగ్గం ఫైలంతా మింగి, చప్పుడు చేసుకుంటూ నెమలి అంచు నేయడం మొదలుపెట్టింది. ఆమె ప్రాణం లేచొచ్చింది. కళ్లు తుడుచుకుని తువ్వాలు వాసన చూసింది. కుంకుమ, కొబ్బరినూనె. కొత్త డిజైన్ ఎక్కించేముందు మగ్గానికి బొట్టు పెట్టడం ఇక్కడికి వలసొచ్చిన మన తెలుగు నేతగాళ్ల అలవాటు. ఎవరో భక్తి ఎక్కువై పెన్‌డ్రైవ్ మూతికీ పెట్టారు. మగ్గం కక్కిన ప్రతిసారీ ఇంకాస్త పెట్టారు.

కార్ఖానాలో బొట్లు పెట్టేది ఒక్కడే. బ్రహ్మచారి ఎర్రటి చూపుడువేలిని మెల్లగా జేబులో దాచుకున్నాడు.

సేఠ్ వచ్చి చూసి, డిజైనర్ ఉద్యోగం ఇక ప్రమీలదేనన్నాడు. ఇంతకీ దోషి ఎవరని అడిగాడు.

"దొరికిండు సేఠ్. కానీ మంచోడు. చెల్లె మాఫ్ చేసింది."

"ఇంకా చెయ్యలే" అంది ప్రమీల, మగ్గం మీంచి చూపు తిప్పకుండా. "ఆ మంచోణ్ని రేపటిసంది చేతులు కడుక్కొని రమ్మను."