ఐదో గల్లీ ప్రెస్బిటేరియన్లు

నాయకుడు ఏం పని చేశాడని అడిగేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. అది తెలుసుకుని ఏం చేసుకుంటారు? ఆయనది ఏ సంఘమో తెలుసుకోండి, చాలు! రోడ్డు వేశాడా, నల్లా పెట్టించాడా అన్నవి ఒక్క వానకు కొట్టుకుపోయే సంగతులు. సంఘం అలా కాదు. పుట్టుకతోనే వస్తుంది, పోయాక కూడా పేరు పక్కనే ఉంటుంది.

గమనించారా, నేను ‘కులం’ అనలేదు. ముప్పయ్యేళ్ళు సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. అలాంటి మాటలు వాడను. సభల్లో ‘సామాజిక వర్గం’ అంటాను, ఇంట్లో ‘సంఘం’ అంటాను.

ఇదంతా మన వెనుకబాటుతనమని మూతి విరిచే మేధావులకు ఒక్క మాట. అమెరికాలోనూ ఇదే పద్ధతి! ఉత్తుత్తి కబురు కాదు. ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదురుగా, టిఫిన్ సెంటరు పైన, అడిగినవాళ్ళకు జాబితాలు తయారుచేసి ఇచ్చే ఒక డేటా ఆఫీసు ఉంది. అక్కడ తయారైన ఎక్సెల్ షీటే దీనికి సాక్ష్యం. తయారు చేసింది మా ఐదో గల్లీ అమ్మాయి అరుణజ్యోతి.

ఆ పిల్ల డిగ్రీ చదివింది. తండ్రి యాదయ్య చెరువులో చేపలు పడతాడు. తల్లి రేణుకమ్మ వాటిని బస్టాండు దగ్గర అమ్ముతుంది. ఆర్నెల్ల క్రితం ఆఫీసులో ఆమెకు అప్పగించిన పని ఏమిటో తెలుసా? అమెరికాలో ఒకానొక రాష్ట్రపు రాజకీయ చరిత్రలో ప్రెస్బిటేరియన్ నాయకుల జాబితా! ఆ రాష్ట్రం పేరు చెప్పను. చెబితే అక్కడున్న మనవాళ్ళు ఫోన్లు చేసి వాళ్ళ సంఘం గురించి కూడా రాయమంటారు.

రెండు వందల ఏళ్ళ నాయకులు! గవర్నర్లు, జడ్జీలు, ఓడిపోయినవాళ్ళు, ఓడిపోయి మళ్ళీ నిలబడ్డవాళ్ళు. ఒక్కొక్కరికి నాలుగు గడులు: పేరు, పదవి, సంఘం, సమాధి ఎక్కడ. ప్రెస్బిటేరియన్ అని తేలితే ఆ వరుస మొత్తానికి పసుపు రంగు వేయాలి. ఏ గడీ ఖాళీగా వదలకూడదు. తెలియకపోతే తెలియదని రాయాలి.

మొదటి రోజే అరుణజ్యోతికి అనుమానం వచ్చింది. సూపర్‌వైజర్ ధర్మేందర్‌ను అడిగింది.

“అన్నా, గీయన నది మీద వంతెన కట్టించిండంట. గది యాడ రాయాలె?”

“దానికి గడి ఉన్నదా?”

“లేదు.”

“మరింక రాసుడెందుకు? కస్టమర్ అడగలే.”

చూశారా ఆ స్పష్టత! మనిషిని ఎక్కడ పాతిపెట్టారో కావాలి. బతికినన్నాళ్ళూ ఏం చేశాడో అక్కర్లేదు. అగ్రరాజ్యమంటే ఊరికే అయిందా?

ఇంటికొచ్చాక యాదయ్య వల సర్దుకుంటూ అడిగాడు. “ప్రెస్బిటేరియన్ అంటే ఏంది బిడ్డా?”

“కిరస్తానోళ్లల్ల ఒక శాఖ బాపు. చర్చిల పెద్దమనుషులు కూసోని అన్నీ తీర్మానం జేస్తరంట.”

“గట్ల జెప్పు! మన సంఘం పెద్దమనుషుల తీరు.”

ప్రొఫెసర్లు రెండేళ్ళు పరిశోధించి రాసే సంగతి యాదయ్యకు రెండు నిమిషాల్లో అర్థమైపోయింది. ఆ రోజు నుంచి కూతురు ఆఫీసు నుంచి రాగానే, “ఇయ్యాల ఎంతమంది పసుపోళ్లు దొరికిర్రు?” అని, చేపల సంగతి అడిగినట్టే అడిగేవాడు.

ఇక మా సిరిసంపద కాలనీ విషయానికి వస్తాను. కొంగరకలాన్ వైపు పొలాలు ప్లాట్లయినప్పుడు పుట్టిన కాలనీ ఇది. కమిటీ అధ్యక్షుడు హన్మంత్. మూడేళ్ళ క్రితం ఆయన మా గల్లీలో పదకొండు ఇళ్ళ ముందు నుంచి మురుగునీటి మోరీ తవ్వించాడు. దాని మీద బండలు పరిచే కార్యక్రమం మాత్రం మిగిలిపోయింది. ఇంట్లోంచి రోడ్డెక్కాలంటే దూకాలి, లేదా చెక్క మీద నడవాలి. దీనివల్ల మాకు జరిగిన మేలు అంతా ఇంతా కాదు! చుట్టాల రాకపోకలు తగ్గాయి. అరవై రెండేళ్ళ వయసులో నేను లాంగ్ జంప్ నేర్చుకున్నాను.

రేణుకమ్మకు మాత్రం ఈ సౌకర్యం అచ్చిరాలేదు. ఒకనాడు తెల్లవారుజామున చేపల గంప నెత్తిన పెట్టుకుని వస్తూ చెక్క మీద జారింది. కుడి చెయ్యి విరిగి సిమెంటు కట్టు పడింది. ఇంకోసారి పడితే ఈ చెయ్యి మళ్ళీ పనికి రాదని దవాఖానలో డాక్టరు తెగేసి చెప్పాడు. ఆ చెయ్యి లేకపోతే గంప లేదు, బేరం లేదు.

యాదయ్య ఒక్క బండ కోసం నాలుగుసార్లు హన్మంత్ దగ్గరికి పోయాడు. నాలుగుసార్లూ హన్మంత్ ఆప్యాయంగా ఒకటే అడిగాడు.

“యాదన్నా, ఇంతకు మీరెవలోళ్లు?”

యాదయ్య చెప్పాడు. హన్మంత్ వెంటనే వాళ్ళ సంఘం భవనానికి ఒక ఫ్యాను మంజూరు చేశాడు. నాలుగుసార్లు పోతే నాలుగు ఫ్యాన్లు! బండ అడిగినవాడికి గాలి దొరికింది. ఇంతకన్నా ఏం కావాలి?

ఈలోగా వార్డు ఎన్నికలు వస్తున్నాయని కబురొచ్చింది. నిలబడాలనుకున్న హన్మంత్ డేటా ఆఫీసుకు రెండు జాబితాలు పురమాయించాడు. ఒకటి, కాలనీలో ఇంటింటికీ ఏ సంఘమో. రెండోది, కాలనీ పుట్టినప్పటి నుంచి అధ్యక్షులైన ఆరుగురి చరిత్ర. అమెరికా అనుభవం ఉన్నది ఒక్క అరుణజ్యోతికే కాబట్టి పని ఆమెకే వచ్చింది.

ఆ పిల్ల గడప గడపకూ తిరిగింది. ఒక్క ఇల్లు వదల్లేదు. హన్మంత్ సంఘం వాళ్ళ వరుసలకు, అలవాటు కొద్దీ, ప్రెస్బిటేరియన్ల పసుపే వేసింది. పని చక్కగా చేస్తే ఆయన మెచ్చుకుంటాడని, అప్పుడు బండ సంగతి అడగొచ్చని ఆమె ఆశ. అధ్యక్షుల జాబితాకు మాత్రం అమెరికా షీటునే తిరిగి వాడుకుంది. అందులో ఒక గడి తీసేయడం మరచిపోయింది. ఖాళీ వదలకూడదన్న నియమం మాత్రం మరవలేదు.

ఫంక్షన్ హాల్లో కార్యకర్తల సమావేశం. హన్మంత్ కుడిభుజం మహిధర్ మైకులో అధ్యక్షుల జాబితా చదవడం మొదలుపెట్టాడు.

“హన్మంత్ అన్న. పదవి, అధ్యక్షుడు. సంఘం, మనదే. సమాధి ఎక్కడ... ఇంకా తెలియదు.”

బిర్యానీ కోసం వచ్చినవాళ్ళు కూడా ఒక నిమిషం మౌనం పాటించారు!

అరగంటలో హన్మంత్ కారు మా గల్లీలో ఆగింది. తల్లికి కట్టు మార్పించాలని అరుణజ్యోతి ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. మూడేళ్ళ తర్వాత మా నాయకుడు మా మధ్యకు వచ్చాడు. కానీ మోరీ అడ్డం. అటు ఒడ్డున ఆయన, ఇటు ఒడ్డున మేము.

“ఏందే పిల్లా! బతికున్నోనికి సమాధి అడుగుతవా?”

కట్టు కట్టిన చెయ్యి పట్టుకుని రేణుకమ్మ ముందుకొచ్చింది.

“అన్నా, నా బిడ్డ తెల్వదనే రాసింది గద. నీకు తెలిస్తే జెప్పు, దిద్దుతది.”

గల్లీ మొత్తం నవ్వింది. నేనూ నవ్వాను. హన్మంత్ కోపంగా దూకబోయి, మోరీ లోతు చూసి ఆగిపోయాడు. “గిదేంది, గీ మోరి మీద బండలెందుకు లేవు?” అని ఎవరి మీదో కోపగించుకున్నట్టు అడిగాడు.

“గదే అడుగుతున్నమన్నా, మూడేండ్ల సంది. ఇగో, నా చెయ్యి సూడు.”

చుట్టూ జనం సెల్‌ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ఎన్నికల ముందు నాయకుడి గుండె ఎంత మెత్తనిదో ఆ రోజు చూశాను. “ఫికర్ జేయకు అక్కా. రేపే బండలు ఏపిస్త!” అన్నాడు. తన కూతురి పొరపాటు ఇంత మేలు చేసిందని రేణుకమ్మ కళ్ళు తుడుచుకుంది.

అన్న మాట నిలబెట్టుకున్నాడు. మరునాడు ట్రాక్టరు నిండా షాబాదు బండలు వచ్చాయి. మహిధర్ చేతిలో కాగితం పట్టుకుని ఇంటి నంబర్లు చూస్తూ పరిపించాడు. రేణుకమ్మ గడప ముందర ఊడ్చి నీళ్ళు చల్లి నిలబడింది. నాలుగు ఇళ్ళ ముందు బండలు పడ్డాక ట్రాక్టరు వెనక్కి తిరిగింది.

“తమ్మీ, మాది మర్సిపోయినవ్.”

“మర్వలేదక్కా. నీ ఇంటి వరుసకు పసుపు లేదు.” మహిధర్ కాగితం చూపించాడు.

అరుణజ్యోతి ఆ కాగితం చూసింది. తన షీటే. ఒక్క తప్పు లేదు, ఒక్క గడి ఖాళీ లేదు. ఆ పిల్ల అక్కడే గడప మీద కూలబడి ఏడ్చింది. “నా చేతులతోటి నేనే రాసిస్తి గదనే అమ్మా!”

“నువ్వేం జేస్తవ్ బిడ్డా? గడి ఉన్నది, నింపినవ్.” రేణుకమ్మ ఎడమచేత్తో కూతురి తల నిమిరింది. “గీ మోరే నయ్యం. ఎవలోళ్లని అడగకుంట అందర్ని పడేస్తది.”

కాబట్టి పాఠకులారా, సంఘం వల్ల లాభం లేదని ఇకమీదట ఎవరూ అనకండి. బండ పడింది! నాలుగు ఇళ్ళకు పడింది. ఆ నాలుగు ఇళ్ళవాళ్ళూ ప్రెస్బిటేరియన్లు అనుకోండి. అందులో మొదటి ఇల్లు నాది.

దీనికోసం నేను ఏ అర్జీ పెట్టలేదు, ఎవరి దగ్గరికీ పోలేదు. పుట్టాను, అంతే.

కట్టు విప్పారు. రేణుకమ్మ మళ్ళీ బేరానికి పోతోంది. మా ఇళ్ళు పక్కపక్కనే. తెల్లవారుజామున గంప ఎడమచేత్తో పట్టుకుని, గోడ వెంట మెల్లగా నడిచి వచ్చి, నా బండ మీదుగా రోడ్డెక్కుతుంది. నా కిటికీ వైపు చూడదు. బయటికి వెళ్ళి ఆ గంప అందుకుందామని రోజూ అనుకుంటాను. సిగ్గేసి, ఆమె దాటిపోయేదాకా లైటు కూడా వేయకుండా లోపలే కూర్చుంటాను.

అరుణజ్యోతి షీటులో నా పేరూ ఉంది, నా సంఘమూ ఉంది. ఏం చేశాడనే గడి మాత్రం నాకూ లేదు. బతికిపోయాను.