అలుగు కార్యదర్శి అయిన ఏడాది

నల్లమద్ది చెట్లు ఎండను నేల మీద పడనివ్వని ఒక పెద్ద అడవిలో ఒక దస్త్రాల గుహ ఉండేది. ఏ రేవులో ఎవరు ముందు నీళ్లు తాగాలి, ఏ ఇప్పచెట్టు కింద పువ్వు ఎవరు ఏరుకోవాలి, ఏ పులి ఏ మందతో ఏమని రాజీపడింది, ఇవన్నీ తాటాకుల మీద రాసి, కట్టలు కట్టి, ఆ గుహలో రాతి అరల మీద పెట్టేవారు. తగాదా వస్తే ఆకు తీసి చదివేవారు. ఆకు ఏం చెబితే అదే తీర్పు.

ఆ గుహలో కుండలి అనే ఆడ అలుగు కొత్తగా కొలువులో చేరింది. భయం వేస్తే తల కడుపులో పెట్టుకుని పెంకుల ఉండలా చుట్టుకుపోతుంది కాబట్టి వాళ్లమ్మ ఆ పేరు పెట్టింది. తాటాకుకు చెదపురుగు శత్రువు. అలుగుకు చెదపురుగు తిండి. అందుకని కుండలి రోజూ పొద్దున్నే అరలన్నీ పొడవాటి నాలుకతో ఒకసారి తడిమి వచ్చేది. ఉద్యోగమూ అదే, ఫలహారమూ అదే. అంత సుఖమైన కొలువు అడవిలో ఇంకెవరికీ లేదని ఆమెకు అప్పుడు తెలియదు. తెలిస్తే ఈ కథే లేదు.

గుహకు పెద్ద కూర్మయ్య అనే తాబేలు. నూటముప్పై ఏళ్లవాడు. అడిగితే తప్ప మాట్లాడడు. అడిగినా, అడిగినంత వరకే.

అడవిలో ఇలాంటి గుహలు పదకొండు ఉండేవి. వాటిలో పనిచేసేవారందరికీ కలిపి అఖిలారణ్య దస్త్రపాలకుల సంఘం అని ఒకటుండేది. దానికి భూషణం గారనే ఉడుము ఇరవై రెండేళ్లుగా అధ్యక్షుడు. ఉడుము పట్టు అనే మాట ఆయన వల్ల పుట్టలేదు గానీ, ఆయన వల్ల నిలబడింది.

ఏటా మహాసభలో భూషణం గారు కుర్చీబండ మీద నుంచి ఒకే మాట చెప్పేవారు. "యువతరం ముందుకు రావాలి."

మొదటి ఏడు కుండలి ఆ మాట నమ్మింది. చివరి వరుసలోంచి లేచి, అందరినీ తప్పించుకుంటూ ముందుకు వచ్చి నిలబడింది.

భూషణం గారు కళ్లు చికిలించి చూశారు. "చాప తెచ్చావా అమ్మా? అక్కడ కాదు, ఇటువైపు వెయ్యి."

కుండలి చాప వేసింది. ఆ తర్వాత రెండేళ్లు కూడా ఆమే వేసింది. చాపల విషయంలో ఆమెకు మంచి పేరే వచ్చింది.

మూడో ఏడు సభ ముగిశాక జవ్వాది వచ్చి పక్కన కూర్చున్నాడు. పక్క కొండ గుహలో రెండేళ్లుగా పనిచేస్తున్న పునుగుపిల్లి అతను. ఎక్కడికి వెళ్లినా అతని కంటే ముందు అతని పరిమళం వెళ్లి కూర్చునేది.

"మన చేత చాపలు వేయిస్తారు, హాజరు రాయిస్తారు. పదవి అడిగితే అనుభవం లేదంటారు" అన్నాడు.

"అనుభవం ఎక్కడ దొరుకుతుందట?"

"పదవిలో."

ఇద్దరూ కలిసి చాపలు చుట్టారు. తర్వాత కుండలి నెమ్మదిగా అంది. "సంఘం నిబంధనల అసలు ప్రతి మా గుహలోనే ఉంది. దాన్ని ఎవరైనా చదివారో లేదో చూడాలి."

ఎవరూ చదవలేదు. మొదటి అరలో అడుగున దొరికిన ఆ ఆకు మీద ఇలా ఉంది: 'కొలువులో అయిదు వానలు చూసినవారు ఏ పదవికైనా అర్హులు.'

ఆ రోజు కుండలి ఎంత పొంగిపోయిందో చెప్పలేం. కుర్రవాళ్ల హక్కు కోసమే ఇదంతా అని జవ్వాదికి చెప్పింది, తనకూ చెప్పుకుంది. కానీ గుహ బయట ఇసుకలో గోటితో 'కుండలి, కార్యదర్శి' అని ఇరవై సార్లు రాసి, అందులో ఏ వంపు బాగుందో చూసుకుంది. కూర్మయ్య అటుగా వస్తే తోకతో చెరిపేసింది. తాబేలు నడక కాబట్టి చెరపడానికి తీరిక దొరికింది.

తర్వాతి సభలో ఆమె ఆకు పట్టుకుని లేచింది. భయంతో సగం చుట్టుకుపోయి ఉండడం వల్ల మాట కడుపులోంచి వచ్చినట్టు వినిపించింది.

"వాన అంటే వానాకాలం అని అర్థం. అంటే అయిదేళ్లు" అన్నారు భూషణం గారు.

"అలాగైతే వానాకాలం అనే రాసేవారు కదండీ. ఇక్కడ వాన అనే ఉంది. మొన్న ఒక్క వారంలోనే నేను అయిదు వానలు చూశాను. రెండింటిలో తడిశాను కూడా."

వెనక వరుసలన్నీ నవ్వాయి. ముందు వరుసలో ఎవరో నవ్వబోయి దగ్గారు. భూషణం గారు తోక ఒకసారి ఇటు, ఒకసారి అటు వేసి సభంతా కలయజూశారు. గాలి ఎటు వీస్తోందో ఆయనకు తెలిసినంతగా అడవిలో గాలికే తెలియదు.

"ఇలాంటి రోజు కోసమే ఇరవై రెండేళ్లుగా ఈ బండ మీద ఎదురుచూస్తున్నాను" అన్నారు. "కుండలి గారిని మన కార్యదర్శిగా ప్రతిపాదిస్తున్నాను."

కార్యదర్శి పదవి ఏడేళ్లుగా ఖాళీగా ఉంది. దాన్ని మాత్రం ఎవరు అడిగినా ఇచ్చేవారే. కానీ ఎవరూ అడగలేదు. ఎందుకు అడగలేదో కుండలి ఆలోచించలేదు. ఆమె అప్పుడు పూలదండ మెడలోంచి జారకుండా పట్టుకోవడంలో ఉంది. జవ్వాదికి ప్రచార కార్యదర్శి పదవి ఇచ్చారు. అది అప్పటికప్పుడు పుట్టింది.

మర్నాటి నుంచి కుండలికి పని మొదలైంది. సమావేశానికి తేదీ నిర్ణయించడానికి ఒక సమావేశం. సన్మానానికి ఎవరిని పిలవాలో తేల్చడానికి ఒకటి, పిలవనివారిని బుజ్జగించడానికి ఇంకొకటి. వీటన్నిటి మినిట్స్ ఆమే రాయాలి. రాసినవి అధ్యక్షుల వారు చదవరు గానీ, రాయకపోతే మాత్రం అడుగుతారు.

పొద్దున్నే గుహ దాటి వెళ్తుంటే కూర్మయ్య అడిగేవాడు. "మూడో అర చూశావా అమ్మా?"

"రేపు చూస్తాను కూర్మయ్య గారూ. ఇవాళ ఉత్తర కొండలో ప్రసంగం ఉంది."

ప్రసంగం పేరు 'చెదల నివారణలో యువతరం పాత్ర'. దాన్ని ఆమె అయిదు కొండల మీద చదివింది. బాగా చదివేది. 'చెద ఒక్క రోజులో రాదు, మన ఒక్క రోజు ఏమరుపాటులో వస్తుంది' అనే చోట ఆగి, సభ వైపు చూసేది. చప్పట్లు పడేవి. ప్రసంగం తర్వాత విందుకు ఆ కొండ గుహవాళ్లు తమ చెదపుట్టే పెట్టేవారు. అలా ఆ ఏడాది కుండలి పరాయి గుహల చెదలన్నీ తిన్నది. సొంత గుహకు వచ్చేసరికి ఆకలి ఉండేది కాదు.

ఎనిమిది నెలలు గడిచాయి.

ఒక ఉదయం దుప్పుల మంద పెద్ద సింగారమ్మ గుహకు వచ్చింది. వయసు మీద పడిన దుప్పి, ఊపిరి తీసుకుంటూ కూర్చుంది.

"పలుగురాళ్ల రేవులో పొద్దుటి వంతు మాదమ్మా. మా అమ్మమ్మ నాటి నుంచి అంతే. ఇప్పుడు అడవిపందుల కోరయ్య ముందు మేమే దిగుతామంటున్నాడు. పందులు దిగాక అవి నీళ్లా, బురదా? ఎల్లుండి పంచాయితీ. ఆకు చూపిస్తే చాలన్నారు."

"ఉంటుంది సింగారమ్మ గారూ. మూడో అరలో రేవుల కట్ట" అంది కుండలి, కార్యదర్శి గొంతుతో.

కట్ట ఉన్నచోటే ఉంది. పైఆకు నిగనిగలాడుతోంది. కుండలి చెయ్యి వేసింది. చెయ్యి లోపలికి దిగిపోయింది. లోపలంతా మట్టి, పొడి.

మట్టిలోంచి ఒక చెదపురుగు తల బయటపెట్టింది. "నమస్కారం కార్యదర్శి గారూ. తమ ప్రసంగం గురించి విన్నాం. మావాళ్లు కొందరు విందుకు కూడా వచ్చారు, తిరిగి రాలేదు."

"మీరు ఎప్పుడు వచ్చారు?"

"ఒక్కసారిగా రాలేదమ్మా. అడుగునుంచి కష్టపడి, ఒక్కొక్క ఆకే ఎక్కుతూ పైకొచ్చాం."

కుండలి ఉండలా చుట్టుకుపోయింది. చాలాసేపు అలాగే ఉంది. లోపల చీకట్లో ఆమెకు తన ప్రసంగమే వినిపించింది, ఆగాల్సిన చోట ఆగుతూ.

కబురు తెలిసి జవ్వాది పరుగున వచ్చాడు. "ఆకు సంరక్షణలో ఉందని చెప్పు. ఎవరూ అబద్ధమనరు. ఈలోగా ఏడాది గడుస్తుంది, నీ పదవీకాలం గౌరవంగా ముగుస్తుంది."

మాట వినసొంపుగా ఉంది. కుండలి దాన్ని రెండు రోజులు నోట్లో అటూ ఇటూ తిప్పింది. పంచాయితీ రాతి దగ్గరికి వెళ్లేదాకా ఆ మాటే చెప్పాలనుకుంది. కానీ అక్కడ సింగారమ్మ పక్కన పసి దుప్పులు పదో పన్నెండో నిలబడి ఉన్నాయి. అప్పుడే కోరయ్య మంద దిగి వెళ్లిన రేవులో తాగొచ్చాయేమో, మూతులకు బురద అంటి ఉంది.

"ఆకు లేదండీ" అంది కుండలి, పంచాయితీ పెద్ద ఏనుగుతో. "చెదలు తిన్నాయి. ఆ అర చూడవలసింది నేను. ఎనిమిది నెలలుగా చూడలేదు."

ఏనుగు చెవులు ఒకసారి ఆడించింది. "ఆకు లేనప్పుడు ముందు దిగినవాళ్లదే వంతు. కొత్త ఆకు వచ్చేదాకా పందులే ముందు తాగుతాయి. చేసేదేం లేదు."

సింగారమ్మ లేచి వెళ్తూ కుండలి దగ్గర ఆగింది. "ఉత్తర కొండ మీద చాలా బాగా మాట్లాడావటమ్మా. మా మేనకోడలు చెప్పింది." అందులో వెటకారం లేదు. అదే తట్టుకోలేకపోయింది కుండలి.

ఆ సాయంత్రమే భూషణం గారికి రాజీనామా రాసి పంపి, కూర్మయ్య ముందు కూర్చుంది. "ఆ ఆకు రాసినప్పుడు చూసినవాళ్లు ఎవరైనా బతికి ఉన్నారా?"

"ఉన్నారు" అన్నాడు కూర్మయ్య. "రాసింది నేనే."

"ముందే చెప్పొచ్చు కదండీ."

"అడగలేదు కదమ్మా."

ఒక్కరి మాట మీద కొత్త ఆకు రాయరు కాబట్టి ఇంకెవరున్నారని అడిగింది. ఈసారి అన్నీ అడిగింది. పడమటి లోయలో ఒక ముసలి రాబందు, కోరయ్య మందలోనే అతని మేనత్త, ఇద్దరున్నారు. కుండలి నెలన్నర పాటు కొండలెక్కి దిగింది. ఈసారి ఎక్కడా దండలు లేవు, విందులు లేవు. కోరయ్య మేనత్తకు చెవుడు. ఆమె చేత నిజం చెప్పించడానికి పన్నెండు రోజులు పట్టింది. చెప్పాక మాత్రం అడవంతా వినిపించేలా చెప్పింది.

కూర్మయ్యతో కలిపి ముగ్గురి మాటా విని ఏనుగు కొత్త ఆకు రాయించింది. పొద్దుటి వంతు దుప్పులకు తిరిగి వచ్చింది. ఈ మధ్యలో బురద నీళ్లు తాగి రెండు పసికూనలు జబ్బుపడ్డాయి. ఒకటి కోలుకుంది.

ఆ ఏటి మహాసభలో సంఘం కుండలిని అధ్యక్ష పదవికి ప్రతిపాదించింది. పదకొండు గుహల్లోనూ పేరు తెలిసిన యువసభ్యురాలు ఆమె ఒక్కతేనట. భూషణం గారు గౌరవాధ్యక్షులుగా అదే బండ మీద ఉంటారట. కబురు తెచ్చిన జవ్వాది గుహ బయటే నిలబడ్డాడు.

"రాజీనామా ఇచ్చాను కదా" అంది కుండలి లోపలినుంచి.

"దాన్ని పరిశీలించడానికి ఉపసంఘం వేశారు. అది ఇంకా కూర్చోలేదు. ఏం చెప్పమంటావు?"

కుండలి నాలుగో అరలో తలదూర్చి ఉంది. నాలుక పనిలో ఉండడం వల్ల జవాబు సరిగ్గా వినబడలేదు. జవ్వాది కాసేపు చూసి, వద్దన్నదనే అర్థం చేసుకుని, సభకు వెళ్లి తన పేరు చెప్పుకున్నాడు. ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. ఇప్పుడు 'యువతరం ముందుకు రావాలి' అని అతనే చెబుతున్నాడు, ఇంకా పరిమళంగా.

నీతి: నాయకత్వం కావాలనుకునేవారు ముందు తమ అర దులుపుకోవాలి, రోజూ దులుపుకునేవారికి మాత్రం నాయకులయ్యే తీరిక ఉండదు.