‘సరే’ కాల్చేసిన థర్జా

“మనిషి మారతాడు! మారి తీరతాడు! అందుకు ఒక్క కొవ్వొత్తి చాలు!”

ఇది టాస్మేనియా దీవిలోని మా హ్యువాన్ లోయ విక్కా మండలి మూలసిద్ధాంతం. ప్రకృతి దేవతను కొలిచేవాళ్లం మేం. మా ప్రధాన పూజారిణి బ్రాన్విన్ ప్రతి పండక్కీ చేతులు ఆకాశానికెత్తి ఈ ముక్క చెబుతుంది. మండలి పెట్టిన నాటి నుంచి మాలో ఒక్కరూ మారలేదు. అందుకే మండలి అంత చల్లగా నడిచింది!

ఆగస్టు మొదట్లో, అంటే దక్షిణార్ధగోళంలో మాకు చలికాలం చివర, ఆపిల్ తోటల్లో మంచు ఇంకా గడ్డకట్టి ఉండగానే ఇంబోల్క్ చేస్తాం. చలి వెనక్కి తగ్గి వెలుతురు పెరిగే పండగ. వదిలించుకోవలసిన గుణాన్ని గుండుసూదితో కొవ్వొత్తి మీద చెక్కాలి. వెలిగించి, మంట వంక చూస్తూ ధ్యానం చేయాలి. మాట కరిగితే గుణం కరిగినట్టే. డెస్మండ్ ఏటా ‘సిగరెట్టు’ అని చెక్కి, ఆ మంటకే సిగరెట్టు ముట్టించుకుని బయటికి పోతాడు. కోరల్ ‘చాడీలు’ అని చెక్కి, అది చూసి ఎవరెవరు నవ్వారో మర్నాడు ఊరంతా చెబుతుంది. నేను ‘బద్ధకం’ అని మొదలుపెట్టి సగంలో ఆపేస్తాను.

ఇదంతా జరిగేది థర్జా ఆపిల్ షెడ్డులో. షెడ్డు ఆమెది, కట్టెలు ఆమెవి, గుమ్మడికాయ సూపు ఆమెది. మా పూజ అంగీలు ఉతికేదీ, మమ్మల్ని కార్లో ఇళ్లకు దింపేదీ ఆమే. ఏమడిగినా “సరే” అంటుంది.

ఈ ఏడు ఇంబోల్క్ నాడు బ్రాన్విన్ ప్రకటించింది: “సెప్టెంబరులో వసంతోత్సవం! టాస్మేనియా మండళ్లన్నీ మూడు రోజులు ఈ షెడ్డులోనే! వంటంతా మా థర్జా తల్లిదే!”

థర్జా గరిటె కింద పెట్టింది. “సెప్టెంబరులో మా అమ్మాయి కాన్పు. తొలిచూలు. విమానంలో డార్విన్ ఊరు వెళ్లాలి.”

“కాన్పులు ఎప్పుడూ ఉండేవే తల్లీ! వసంతం ఏడాదికి ఒక్కసారే గదా!”

“సరే,” అంది థర్జా.

తర్వాత తన కొవ్వొత్తి అందుకుని ఏదో చెక్కింది. పక్కనే ఉన్నాను గనుక చూశాను. ‘సరే’ అని ఉంది. మేం సూపు మీద పడ్డాం. ఆమె మాత్రం ఆ మాట ఆనవాలు లేకుండా కరిగేదాకా మంట ముందు నుంచి కదల్లేదు.

వారం తిరక్కుండానే విపరీతాలు మొదలయ్యాయి!

“థర్జా, మా అంగీలు ఆరాయా?” అన్నాడు డెస్మండ్.

“తడిపితే గదా ఆరడానికి! పట్టుకుపో.”

“శనివారం కారు తెస్తావుగా?” అంది కోరల్.

“తేను.”

“అయ్యయ్యో, ఒంట్లో బాగాలేదా?”

“ఇంత బాగా ఎప్పుడూ లేదు.”

“మన ఉత్సవం...” అని బ్రాన్విన్ నోరు తెరిచింది.

“నీ ఉత్సవం. షెడ్డుకి తాళం వేశాను. డార్విన్ టికెట్టు కొన్నాను.”

మండలి అత్యవసర సమావేశం! షెడ్డు లేదు గనుక బ్రాన్విన్ ఇంట్లో. ఆ ఇంట్లో మేం కాలు పెట్టడం అదే మొదలు. తెల్లటి తివాచీ మీద మైనం పడుతుందని ఆవిడ మమ్మల్ని స్నానాల గదిలో తొట్టి చుట్టూ కూర్చోబెట్టింది.

“మారడం మంచిదే,” అన్నాడు డెస్మండ్, “కానీ మారే మనిషి పక్కవాళ్లకి ఒక మాట ముందు చెప్పొద్దూ?”

“మార్పు ఆత్మలో రావాలి గానీ వంటింట్లో కాదు!” అంది బ్రాన్విన్.

“అయితే ఉత్సవం ఎవరింట్లో?” అన్నాను నేను.

సాకులు మొదలయ్యాయి. డెస్మండ్ కుక్కకి కొత్తవాళ్లు పడరు. కోరల్ మోకాళ్లకి వంట పడదు. బ్రాన్విన్ తివాచీ సంగతి చూస్తూనే ఉన్నాం. నాకు కారణమేదీ తోచక దగ్గాను.

“దేవతే తేలుస్తుంది,” అంది బ్రాన్విన్. “థర్జా స్థానం ఎవరు తీసుకోవాలో వాళ్ల పేరు చెక్కండి. పేరు కరిగితే ఆ మనిషిలోకి సేవాగుణం దిగుతుంది. కళ్లు మూసుకోండి!”

నేను భక్తిగా డెస్మండ్ పేరు చెక్కాను. నాలుగు కొవ్వొత్తులూ తొట్టి అంచున వెలిగాయి. కాసేపటికి ఒక కన్ను తెరిచి చూశాను.

మిగతా మూడింటి మీదా ఒకటే పేరు. ఐవర్! ఐవర్! ఐవర్! అంటే నేనే! ఒకదాని మీద సగం పేరు అప్పటికే కరిగిపోయింది!

గుమ్మడికాయలు తరుగుతున్న నా చేతులు నాకే కనబడ్డాయి. మండలిలో చేరిన ఇన్నేళ్లకి, మొదటిసారి, నాకు కొవ్వొత్తి మహిమ మీద నమ్మకం కుదిరింది. వంగి ఉఫ్‌మని ఊదాను.

“నోటితోనా! అగ్నికి ఎంత అవమానం!” బ్రాన్విన్ కెవ్వుమంది. “చిప్ప మూసి ఆర్పాలి ఐవర్!”

“చిప్ప వెతికేలోపు నా కొంప మునుగుతుంది!”

మూడూ ఊదేశాను. డెస్మండ్ పేరున్నదానికి మాత్రం గాలి తగలకుండా అరచేయి అడ్డం పెట్టి, కళ్లు మూసుకుని, మనసు నిండా ధ్యానం చేశాను.